అంగడి విద్య



గడచిన మాసమున ఒక సోదరి నాకిట్లు వ్రాసినది. ఆమె కుమార్తె బి.కాం. పరీక్షయందు కృతార్థురాలై రెండేండ్లయినది. ఉద్యోగము లేదు. ఇటీవల మహిళా సమాఖ్య వారు ఇంటికి వచ్చి, మూడు మాసములు ఉచితముగా భోజనవసతు లొసగి, పెద్ద అంగళ్లలో సరకులను అమర్చుట, అమ్ముట అను పనులను నేర్పి, పిదప పట్టణమున కొలువు చూపింతుమని చెప్పిరట. పిల్లకు పోవలెనని యున్నది. తాతగారు మాత్రము “కొట్టులో పొట్లములు కట్టుటకు గూడ బడి యొకటా! ఇందులకేనా డిగ్రీ చదివించినది?” అని కోపించి ఆ పూట భోజనము మానిరట. “పంపుదునా, మానుదునా? మీరు నిర్మొగమాటముగా వ్రాయుడు” అని ఆమె కోరిక.

ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఇమిడియున్నవి. అంగడిలో సరకు అమర్చి అమ్ముట ఒక విద్య యగునా యనునది మొదటిది. ఆ విద్య నేర్చిన పిదప ఆ పిల్ల బ్రతుకు ఎట్లుండు ననునది రెండవది. తాతగారికి కోపము వచ్చినది మొదటిదానివలన. దానికి జవాబు సులభము. తల్లి ఆలోచింపవలసినది రెండవది, అదియే కష్టమైనది.

దండి రచించిన దశకుమారచరితమున గోమిని కథ మీలో అనేకులు చదివియుందురు. మన కేతన ఆ గ్రంథమును తెనిగించి తిక్కన కంకిత మిచ్చి అభినవదండి యనిపించుకొన్నాడు. కాంచీపురమునకు చెందిన శక్తికుమారుడను శ్రేష్ఠిపుత్రుడు కొంగున కొన్ని వడ్లు మూటగట్టుకొని, ఈ వడ్లతోనే నాకు సంపూర్ణముగా భోజనము పెట్టగల కన్య యెవరని ఊరూర తిరిగినాడు. అందరును నవ్విరి. గోమిని నవ్వలేదు. వడ్లను ఎండబోసి, ఊక చితుకకుండ దంచి, ఆ ఊకను కంసాలుల కమ్మించినది. నగలకు మెరుగుపెట్టుటకు వారికి ఊక కావలెనని ఆమె కెఱుక. ఆ కాసులతో కట్టెలును కుండయు తెప్పించినది. వంట ముగిసిన పిదప కట్టెలను ఆర్పి, ఆ బొగ్గులను మరల అమ్మించి, కూరలు, నేయి, పెరుగు, నూనె, చింతపండు సమకూర్చుకొన్నది. చిన్ననాడు మా తండ్రిగారు ఈ కథను గృహిణీధర్మమునకు దృష్టాంతముగా చెప్పిరి. ఇప్పుడు చదివినపుడు నాకు అది వర్తకపు కథగానే తోచుచున్నది. మన పెరటిలో పారవేయు ఊక ఎవరికి అక్కరయో ఎఱుగుట, దానిని చెడకుండ వారికి చేర్చుట, వచ్చిన సొమ్మును వెంటనే పనిలో పెట్టుట—నేటి శిక్షణాలయములలో మూడు మాసములు నేర్పునది ఇదియే. అదిగాక, జడలలో పక్షులు గూడు కట్టునంతటి తపస్సు చేసిన జాజలి మహామునికి ధర్మము బోధించినవాడు కాశీనగరమున త్రాసు పట్టుకొని సరకులమ్ము తులాధారుడు. భారతము శాంతిపర్వమున ఉన్నది. తాతగారికి ఇది ఎత్తి చూపవచ్చును.

అయినను వారి సందేహములో కొంత న్యాయము కలదు. పూర్వము మన శెట్టిగారి కొట్టులో ఈ పనికి బడి లేదు, అవసరమును లేదు. సరకంతయు ఆయన వెనుక నుండెడిది. మనము అరుగుముందు నిలిచి కావలసినది చెప్పిన, ఆయన తూచి, పొట్లము కట్టి, కొసరు వేసి ఇచ్చెడివాడు. ఏ డబ్బాలో ఏమున్నదో ఆయన తలలోనే యుండెడిది. కుమారుడు ప్రక్కన కూర్చుండి చూచి నేర్చుకొనెడివాడు. 1916వ సంవత్సరమున అమెరికాలోని మెంఫిస్ పట్టణమున క్లారెన్స్ సాండర్స్ అను వర్తకుడు పిగ్లీ విగ్లీ అను నంగడి తెఱచి, కొనువారినే లోనికి రానిచ్చి, బుట్ట చేతి కిచ్చి, కావలసినవి తామే తీసికొని ద్వారమువద్ద పైకము చెల్లింపుడని యేర్పాటు చేసినాడు. నాటినుండి వర్తకుని నోటిమాటకు బదులు సరకే మాటలాడవలసివచ్చినది. ఏ వస్తువు ఎచ్చట, ఎంత యెత్తున, దేని ప్రక్కన ఉండవలెను అనునది ఒక శాస్త్రముగా పెరిగినది. మన హైదరాబాదులో రిలయన్స్ ఫ్రెష్ వారి మొదటి అంగడి 2006లో తెఱువబడినది. ఇప్పుడు తాలూకా పట్టణములలో గూడ బుట్ట పట్టుకొని తిరిగెడి అంగళ్లు వెలసినవి గదా!

అమ్మకమునకు ప్రత్యేకముగా బడి పెట్టుటయు క్రొత్త కాదు. 1905లో అమెరికాలోని బోస్టన్ నగరమున లూసిండా ప్రిన్స్ అను నామె, అక్కడి స్త్రీవిద్యా పరిశ్రమల సంఘమువారి యాదరణమున, అంగళ్లలో పనిచేయు యువతుల కొఱకు అమ్మకపు పాఠశాలను స్థాపించినది. శిక్షణ లేని పిల్లకు జీతము తక్కువ, జీతము తక్కువైనచో పనిపై శ్రద్ధ తక్కువ. ఈ చుట్టును ఎక్కడనో ఒకచోట తెంపవలె ననునదే ఆమె యుద్దేశము. స్త్రీల కొఱకు స్త్రీ ఆరంభించిన విద్య యిది. నూటయిరువది యేండ్ల తరువాత మన పిల్లలకు వచ్చుచున్నది.

ఇక అందులో నేర్పున దేమి? మా ఊరినుండి పోయి నేర్చుకొనివచ్చిన పిల్లలను అడిగి తెలిసికొన్నదియు, వారి పుస్తకములలో నేను చదివినదియు కలిపి చెప్పెదను.

అరల కొక పటముండును. దానిని ప్లానోగ్రాం అందురు. ఏ అరలో ఏ వస్తువు, ఎన్ని వరుసలు, ఏ ముఖము ముందునకు అని గీచియుండును. మన వంటింటిలో పోపులపెట్టె ఒకచోట, ఉప్పుజాడి ఒకచోట నియమముగా పెట్టుకొందుము గదా. చీకటిలో చేయి పెట్టినను దొరకును. అటువంటిదే. కాని అంగడి వారి నియమము మన సౌకర్యమునకు గాక వారి లాభమునకు. ఎక్కువ లాభమిచ్చు వస్తువు కంటి యెత్తున ఉండును. చవుకది కాలివద్ద. పిల్లల మిఠాయిలు పిల్లల కంటి యెత్తున. నిత్యము కావలసిన బియ్యము, పంచదార, పాలు అంగడి చివరకు. వానికొఱకు పోవుచు మిగిలినవన్నియు మనము చూచితీరవలెను. పైకము చెల్లించుచోట చిన్నచిన్న తినుబండారములు; వరుసలో నిలుచున్నపుడు చేయి దానంతట అది పోవును. ఇది వినిన తరువాత నేను వంగి క్రింది అరలు చూచుట అలవాటు చేసికొన్నాను. మీరును చూడుడు, నెలసరుకులలో కొంత మిగులును.

తరువాత పాతది ముందు, క్రొత్తది వెనుక అను నియమము. క్రొత్త సరకు వచ్చినపుడు అరలో ఉన్నదానిని తీసి, తుడిచి, గడువు చూచి, ముందు గడువు తీరునది ముందు వరుసలో పెట్టవలెను. ఆవకాయ జాడీల విషయమున మన అత్తగారులు నేర్పినదే యిది, అచ్చటను అదే ధర్మము. కనుక తాజా పాలు కావలసినవారు వెనుకకు చేయి చాచుట ఎట్లును నేర్చియే యున్నారు. అర ముందుభాగము ఎప్పుడును నిండుగా కనబడవలెను; ఒకటి తీసిన వెంటనే వెనుకది ముందునకు జరుపవలెను. ఇది రోజంతయు సాగుపని. లెక్కలో ఉన్నదానికి అరలో ఉన్నదానికి గల భేదమును కనిపెట్టుట మరియొకటి. పగిలినవి, ఎలుక కొట్టినవి, దొంగిలింపబడినవి, బిల్లులో తప్పినవి అన్నియు ఆ లోటులో చేరును.

పొట్లములపై గల నల్లగీతల సంగతియు నేర్పుదురు. 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున ట్రాయ్ అను ఊరిలో ఒక చ్యూయింగ్ గమ్ పొట్లము ఈ గీతలద్వారా మొట్టమొదట బిల్లు చేయబడినది. మన సరకులపై గీతల క్రింద 13 అంకె లుండును. మొదటి మూడును 890 అయినచో ఆ సంఖ్యను భారతదేశపు సంస్థ యిచ్చినదని అర్థము. వస్తువు ఇక్కడనే తయారైనదని కాదు. కడపటి అంకె కాపలావంటిది. ఎడమనుండి బేసిస్థానపు అంకెలను కూడి, సరిస్థానపు అంకెలను కూడి మూడింతలు చేసి, రెండును కలిపినపుడు పదికి సరిగా భాగింపబడుటకు ఎంత తక్కువో అదియే పదుమూడవ అంకె. సబ్బుపొట్టమును ముందు పెట్టుకొని పిల్లలచేత చేయించి చూడుడు. సెలవులలో లెక్కల అభ్యాసమునకు బాగుగ నుండును.

వీనికి తోడు కంప్యూటరు మీద బిల్లు వ్రాయుట, కార్డు, ఫోను ద్వారా సొమ్ము పుచ్చుకొనుట, కోపముతో వచ్చినవారికి శాంతముగా బదులు చెప్పుట, కొంచెము ఇంగ్లీషు. ఇంట మాటలాడుటకు బెదరెడి పిల్ల మూడు మాసములలో పదిమందియెదుట నిలిచి మాటలాడగలుగుట చిన్నలాభము కాదు. మా వారి పాఠశాలలో పదవ తరగతివరకు చదివి, ప్రశ్న అడిగినచో కొంగుచాటున నవ్విన పిల్ల, తిరిగివచ్చి పోస్టాఫీసువారితో తండ్రి పింఛను గుఱించి స్పష్టముగా మాటలాడినది. నేనే చూచినాను.

ఈ శిక్షణలకు ఆధారమైన ప్రభుత్వ పథకములు రెండు ముఖ్యమైనవి. పల్లెల పేద కుటుంబముల యువజనులకొఱకు 2014 సెప్టెంబరు 25న ఆరంభింపబడిన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన యొకటి. 2015 జూలైలో వచ్చిన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన రెండవది. మొదటిదాని 2016 నాటి నియమావళి నేను చదివినాను. 15 మొదలు 35 ఏండ్లవారు అర్హులు. స్త్రీలకు 45 వరకు సడలింపు. మూడింట ఒకవంతు స్థానములు స్త్రీలకు. మూడు మాసముల శిక్షణకు 576 గంటలు. శిక్షణ పొందినవారిలో నూటికి 70 మందికి తక్కువ కాకుండ కొలువు చూపవలెను. నెలకు 6,000 రూపాయలకు తగ్గరాదు. కొలువు దొరికిన మొదటి దినములలో ఖర్చులకు నెలకు వేయి రూపాయలు—సొంత జిల్లాలో అయిన రెండు నెలలు, జిల్లా దాటిన మూడు, రాష్ట్రము దాటిన ఆరు. ఈ పనికి ఏయే నైపుణ్యము లుండవలెనో నిర్ణయించుటకు రిటైలర్స్ అసోసియేషన్స్ స్కిల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా యను సంస్థ కలదు. పరీక్ష ముగిసిన పిదప వచ్చు పత్రములో రిటైల్ సేల్స్ అసోసియేట్ అనియో, రిటైల్ ట్రెయినీ అసోసియేట్ అనియో ఉండును. బిరుదు పొడవైనంత మాత్రమున జీతము పొడవు కాదని పిల్లలకు ముందే చెప్పవలెను.

పై లెక్కలో ఒకమాట మీరు గమనించితిరో లేదో. ఆ నియమావళి ప్రకారము పిల్ల మూడు నెలలు విడువక కొలువు చేసినచో, కొలువు చూపినట్లే లెక్క. నాలుగవ నెలనుండి యేమి? ఇదియే రెండవ ప్రశ్న.

నేను పైన చెప్పిన పిల్ల పట్టణమున ఒక పెద్ద వస్త్రాలయమున చేరినది. ఆఱు మాసములు గడచిన పిదప సంక్రాంతికి ఇంటికి వచ్చి మరల పోలేదు. కారణ మడిగితిని. “అమ్మగారూ, నవ్వడం నేర్పారండీ, నమస్కారం పెట్టడం నేర్పారండీ. రోజుకు పది పన్నెండు గంటలు నిలబడ్డం మాత్రం ఎవరూ నేర్పలేదండీ” అన్నది. ప్రొద్దున అంగడి తెఱువకముందే పోవలెను. రాత్రి తలుపులు వేసి, చీరెలన్నియు మడతలు పెట్టువఱకు ఉండవలెను. నడుమ భోజనమునకు అరగంట. కూర్చుండుటకు వీలులేదు, ఎవ్వరును రాని వేళనైనను గోడకు ఆనుకొనరాదు. ఆనుకొన్నచో కెమెరాలో చూచి పిలిపించి మందలింతురు. మఱుగునకు పోవలెనన్న మూడు అంతస్తులు దిగవలెను, పెత్తనదారు ననుమతి కావలెను; అందుచేత నీళ్లు త్రాగుట మానుకొన్నది. తరువాత మూత్రకోశమున మంట, జ్వరము. కాళ్లవాపు. జీతము నెలకు 9,000. హాస్టలునకు, భోజనమునకు 5,500. బస్సునకు, మందులకు కొంత. ఇంటికి పంపినది మొత్తముమీద రెండుమారులు.

ఆమె సోమరి కాదు. వరినాట్లలో తల్లితోపాటు వంగి పనిచేసినది. పొలములో నడుము నొచ్చిన గట్టుమీద కూర్చుండవచ్చును, ఎవ్వరును అడ్డుచెప్పరు. అదియు ఆమె చెప్పిన మాటయే.

అన్ని అంగళ్లును ఇట్టివి కావు. ఆమెతోపాటు నేర్చిన మరియొక పిల్ల జిల్లా పట్టణముననే, ఇంటినుండి పోయివచ్చునంత దూరములో, కిరాణా అంగడిలో చేరి మూడవ యేడు సాగుచున్నది. జీతము మొదటిదానికంటె తక్కువ, చేతిలో మిగులునది ఎక్కువ. బిల్లు వ్రాయుచోట ఆమెకు ఎత్తుపీట యున్నది. ఒక పీట, ఒక బస్సు ప్రయాణము, ఇద్దఱి దారులను వేఱు చేసినవి.

పీట అనగా హాస్యముగా తోచవచ్చును. 1899లో ఇంగ్లండున దీనికొఱకే ఒక చట్టము చేసిరి. అంగడిలో పనిచేయు స్త్రీలు ముగ్గురికి ఒక్కటి చొప్పున తక్కువకాకుండ ఆసనము లుంచవలెనని అందలి నియమము. మన దేశమున ఈ మాట కేరళలోని కోళిక్కోడు నగరమునుండి లేచినది. అచ్చట మిఠాయి వీధియని ప్రసిద్ధమైన బజారు కలదు. చీరెల కొట్లు, తినుబండారముల కొట్లు వరుసగా నుండును. అక్కడ పనిచేయు స్త్రీలకు మఱుగుదొడ్లు లేవు. బట్టలు కుట్టి జీవించు విజి యను నామె వారిని కూడగట్టి, పెణ్‌కూట్టు అను సంఘము నేర్పరచినది. ఆ పేరునకు ఆడువారి జట్టు అని చెప్పుకొనవచ్చును. మొదట మఱుగుదొడ్డి, పిదప కూర్చుండు హక్కు. ఏండ్ల తరబడి పోరాడిరి. 2018లో కేరళ ప్రభుత్వము తన అంగళ్ల చట్టమును సవరించి, పనివారు కూర్చుండుట కేర్పాటు చేయవలెనని నిర్బంధించినది. ఆ యేడే బి.బి.సి. వారు ప్రకటించిన నూరుగురు స్త్రీల జాబితాలో విజి పేరు వచ్చినది. 2021లో తమిళనాడు శాసనసభయు అట్టి సవరణనే చేసినది. దినమంతయు కాళ్లమీద నిలుచుట చేత వచ్చు రోగములను ఆ బిల్లులోనే పేర్కొనిరి.

ఇట్లు చట్టసభలవరకు పోయిన విషయము శిక్షణ పుస్తకములలో ఎక్కడ నున్నదో నేను వెదకితిని. పాదరక్షలు శుభ్రముగా నుండవలె ననుటయు, నిటారుగా నిలువవలె ననుటయు కనబడినవి. కూర్చుండుట కనబడలేదు. అంగడి వారికి ఎట్టి మనుష్యులు కావలెనో అంగడి వారే చెప్పగా వ్రాసిన పుస్తకములు గనుక ఇందులో ఆశ్చర్యము లేదు. శిక్షణమున కగు సొమ్ము ప్రజలది గనుక, నేర్చుకొను పిల్లకు ఏమి కావలెనో గూడ రెండు పుటలు వ్రాయించుట అన్యాయము కాదని నా యభిప్రాయము.

ఉత్తరము వ్రాసిన సోదరికి ఇక సూటిగా చెప్పెదను. పిల్లను పంపుడు. రెండేండ్లు ఇంట కూర్చున్న చదువుకు తుప్పు పట్టుచున్నది. నేర్చిన విద్య ఎచ్చటికిని పోదు. రేపు ఊరిలోనే కొట్టు పెట్టుకొన్నను, సంఘము వారి సరకుల దుకాణము నడిపినను పనికివచ్చును. అయితే మీరు ఒక పూట వీలుచేసికొని ఆ శిక్షణాలయమునకు పోయి కన్నులార చూచిరండు. రాత్రి వేళ వసతి గృహమున బాధ్యతగల స్త్రీ యున్నదా, స్నానపుగదులకు గడియ లున్నవా, మీ కంటితో చూడవలెను. ముందటి తరగతిలో నేర్చుకొని పోయిన ఇద్దఱు ముగ్గురు పిల్లల ఫోను సంఖ్యలు అడుగుడు. వారితో మీరే మాటలాడుడు. ఇప్పుడు ఎక్కడ నున్నారు, అదే కొలువులో నున్నారా, మానిన యెడల ఎందుకు? శిక్షణాలయమువారు ఆ సంఖ్యలు ఈయుటకు వెనుదీసినచో అదియు ఒక జవాబే.

కొలువు దొరికినపుడు జీతమెంత యని అందఱును అడుగుదురు. చేతికి వచ్చున దెంత, హాస్టలున కెంత, అంగడికిని హాస్టలునకును దూర మెంత అని మీరు అడుగవలెను. కాగితముమీద లెక్క వేసి పిల్లకు చూపుడు. నియామక పత్రము చేతికి రానిదే పని మొదలుపెట్టరాదు. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన క్రొత్త కార్మిక స్మృతులలో ఈ పత్రము తప్పనిసరి చేయబడినది. జీతములో ఇ.ఎస్.ఐ.కి కోయుదురని పిల్లలు దిగులు పడుదురు. 2019 జూలైలో తగ్గించిన రేటునుబట్టి అది నూటికి ముప్పాతిక రూపాయి. 10,000 జీతమునకు 75 రూపాయలు. యజమాని దానికి నాలుగింతలకు పైగా వేయవలెను. జబ్బు చేసినపుడు వైద్యము, సెలవు దినములకు కొంత జీతము, ప్రసవ సమయమున సాయము అందులోనివే. దిగులు పడవలసినది కోయనపుడు. కోసియు కట్టనపుడు మఱింతయును. పత్రము సంఖ్య అడిగి వ్రాసికొనవలెను. పదిమంది పనిచేయుచోట స్త్రీలపట్ల అసభ్యవర్తనను విచారించుటకు లోపలి సంఘ మొకటి ఉండవలెనని 2013 నాటి చట్టము చెప్పుచున్నది. దానికి పెద్ద స్త్రీయే యుండవలెను. ఆమె పేరేమో మొదటి దినముననే అడిగి తెలిసికొనుటకు పిల్ల బెదరవలసిన పనిలేదు. పెద్ద జీతముతో దూరపు కొలువు, చిన్న జీతముతో దగ్గరి కొలువు రెండును వచ్చినచో, మొదటి యేడు దగ్గరిదే మేలని నాకు తోచును. తాతగారికి గూడ కొంత కోపము తగ్గును.

ఇంతవఱకు అమ్మెడి పిల్ల మాట. ఎదుట కొనుట కున్నవారము మనమే గదా! వస్త్రాలయములలో మనకొఱకు తెల్లని పరుపులు, మెత్తని కుర్చీలు, చల్లని పానీయము. నలుబది చీరెలు విప్పించి, ఏదియు నచ్చలేదని లేచెదము. రాత్రి తొమ్మిదిన్నరకు మూయు వేళకు తీరికగా పోయెదము, వంటపని ముగియవలెను గదా యని. ఆ నలుబదియు మడత పెట్టి గాని ఆ పిల్ల బస్సు పట్టుకొనరాదు. ఆఖరి బస్సు తప్పినచో ఆటోకు తన రోజుకూలిలో మూడవవంతు పోవును. చూడకుండ కొనుమని నేననుట లేదు. ఏ రంగు కావలెనో, ఎంతలో కావలెనో ఇంటనే నిశ్చయించుకొని, కొంచెము పెందలకడ పోయినచో మనకును శ్రమ తగ్గును. అంగడి వారు పిల్లల మాట వినరు, చట్టమునకు భయపడుదురో లేదో తెలియదు. కొనువారు లేచిపోవుదు రన్న భయము మాత్రము వారికి నిండుగా కలదు. “ఈ అమ్మాయిలకు ఒక్క బల్ల వేయింపరాదా అండీ?” అని సొమ్ము చెల్లించుచోట పెత్తనదారుని మనలో పదిమంది పది దినములు అడిగినచో పదునొకండవ దినమున బల్ల వచ్చునని నా నమ్మకము. గట్టిగా అడుగ నక్కరలేదు, నవ్వుచునే అడుగవచ్చును.

రానున్న పెండ్లిండ్లకు బట్టలు తీయుటకు మీలో ననేకులు పట్టణములకు పోవుదురు. పోయినపుడు ఆ అంగడిలో అమ్మెడి పిల్లలకు కూర్చుండుట కేమైన నున్నదో లేదో ఒక్కమారు చూచి, నాకొక కార్డుముక్క వ్రాయుడు. అంగడి పేరు వ్రాయవలదు. ఊరి పేరు, ఎన్ని పీటలు, ఎందఱు పిల్లలు—ఇంతమాత్రము చాలును. వచ్చిన కార్డులనుబట్టి రెండు నెలల పిదప ఈ పుటలోనే ఊరివారీగా పట్టిక ప్రకటింతును.